సముద్రము లేని నగరము, సముద్రతీర రక్షణము

సముద్రతీరమును కాచుట తీరవాసుల పని యనియు, లోనాడులవారికి దానితో నిమిత్తము లేదనియు మనలో పెక్కుమంది తలంచుచుందురు. హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న ఉప్పలు, నాచారము ప్రాంతములయందు నివసించువారికి ఈ తలంపు మఱింత సహజము. ఇచ్చట ఉదయమున వినవచ్చునది కెరటముల ఘోష గాదు. కర్మాగారముల కూత, బస్సుల రొద. 1766వ సంవత్సరమున ఉత్తర సర్కారులను, 1788వ సంవత్సరమున గుంటూరు సర్కారును ఇంగ్లీషు కంపెనీవారికి వదలుకొన్న పిమ్మట హైదరాబాదు రాజ్యమునకు సముద్రతీరము లేకపోయెను. 2014వ సంవత్సరమున ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమునకును అది లేదు. అయినను, తీరభూమినుండి ప్రయోగించి శత్రునౌకలను భేదించు క్షిపణులకు సంబంధించిన విద్య మన దేశమున వర్ధిల్లిన స్థానములలో సముద్రము కానరాని ఈ నగరమే ముఖ్యమైనది. ఇది యెట్లు సంభవించినది? ఈ ఆయుధము తీరమును నిజముగా కాచునా? కాచినచో దేనివలన కాచును? ఈ ప్రశ్నలను చరిత్ర సహాయమున విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

తీరముపై ఫిరంగులు నిలిపి ఓడలను తఱుముట మిక్కిలి పాతపద్ధతి. తెలుగుతీరమున దానికి మంచి యుదాహరణము 1804 సెప్టెంబరు 15వ తేదీన విశాఖపట్టణపు రేవున జరిగిన పోరాటము. అప్పుడు ఇంగ్లీషువారికిని నెపోలియను ఏలుబడిలోని పరాసులకును యుద్ధము జరుగుచుండెను. పరాసు నౌకాధిపతి లీన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చి, రేవున లంగరు దించియున్న 'సెంచూరియన్' అను ఇంగ్లీషు యుద్ధనౌకపైని, దాని కాపుదలలో నున్న రెండు వర్తకపుటోడలపైని పడెను. సెంచూరియన్ నాయకుడు ఆ సమయమున ఒడ్డున నుండుటచేత ఉపనాయకుడు ఫిలిప్సు పోరు నడపవలసివచ్చెను. తీరమునందలి ఫిరంగులు ఓడకు తోడుగా కాల్చెను. ఒక వర్తకపుటోడ ఒడ్డునకు కొట్టుకొనివచ్చి పాడయ్యెను. రెండవదానిని పరాసులు పట్టుకొనిపోయిరి. సెంచూరియన్ మాత్రము చిల్లులు పడిన మేనితో రేవుననే నిలిచెను. లీన్వా దానిని ముంచకయే మరలిపోయెను. ఆనాటి ఫిరంగిగుండు గుఱి తప్పక పోవుదూరము ఒకటి రెండు కిలోమీటర్లకు మించదు. అనగా తీరమును కాచువాడు శత్రువును తన కన్నులతోనే చూచుచుండెను. తాను చూచినదానినే కొట్టుచుండెను. కంటికిని చేతికిని నడుమ ఎడము లేదు. ఈ మాటను చదువరులు జ్ఞప్తియం దుంచుకొందురు గాక. తరువాతి చరిత్రమంతయు ఈ యెడము పెరిగిన చరిత్రమే.

నూటపది సంవత్సరములు గడచెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి 'ఎమ్డెన్' అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణము ఎదుట నిలిచి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురుతొట్లపై సుమారు 130 గుండ్లు ప్రేల్చి, చీకటిలో మాయమయ్యెను. నగరమున దీపములు యథాప్రకారము వెలుగుచుండుటచేత గుఱి చూచుట ఆ ఓడ నాయకుడు ముల్లరునకు సులభమయ్యెను. తీరపు ఫిరంగులు తేఱుకొని కాల్చునప్పటికి జరుగవలసిన నష్టము జరిగిపోయెను. మదరాసు అప్పుడు ఆంధ్రులకును రాజధానియే గనుక ఈ కథ మన తాతల నోట చిరకాలము నిలిచినది.

1942 ఏప్రిలు 6వ తేదీన తెలుగుతీరమునకే దెబ్బ తగిలెను. జపానువారి 'ర్యూజో' అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వైచెను. ఆ దినములలోనే ఒజావా అను సేనాధిపతి క్రింది నౌకాదళము బంగాళాఖాతమున వర్తకపుటోడలను ఒకటి వెంట నొకటిగా ఇరువదింటికి తక్కువ గాకుండ ముంచెను. తీరపట్టణముల ప్రజలు పిల్లలను, మూటలను తీసికొని లోనాడులకు తరలిపోయిరి. ఆ నెలలోనే జపానునౌకలు చెన్నపట్టణముపైకి వచ్చుచున్నవను వదంతి పుట్టగా ప్రభుత్వ కార్యాలయములు సయితము కొన్ని తరలింపబడెను. వచ్చిన ఓడలను గూర్చి ముందు తెలియలేదు. రాని ఓడలను గూర్చి భయము పట్టుకొనెను. మన తీరమునకు అప్పుడు కొఱతపడినది ఫిరంగి మాత్రమే కాదు. సముద్రముపై ఏమి జరుగుచున్నదో చూచి, నిజమును వదంతినుండి వేఱుచేసి చెప్పగల కన్ను కొఱతపడినది.

ఇక క్షిపణి సంగతి. ఫిరంగిగుండు కుహరమునుండి వెలువడిన పిమ్మట తన దారి తాను మార్చుకొనలేదు. క్షిపణి మార్చుకొనగలదు. అందును క్రూయిజు క్షిపణి యనబడునది చిన్న విమానము వంటిది; గాలిని పీల్చుకొను యంత్రముతో చాల దూరము పోయి, తుదకు తన ముక్కున నున్న రాడారుతో ఓడను వెదకుకొని దానిపై పడును. సోవియట్ దేశమువారు 1950ల దశకముననే ఇట్టివానిని తీరరక్షణమునకు నిర్మించిరి. అయినను వీని శక్తి లోకమునకు తెలిసినది 1967 అక్టోబరు 21వ తేదీన. ఆ దినమున ఈజిప్టువారి చిన్న పడవలు పోర్టుసయ్యదు రేవును విడువకయే సోవియట్ క్షిపణులను ప్రయోగించి, ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న ఇజ్రాయేలువారి 'ఐలాత్' అను యుద్ధనౌకను ముంచెను. 47 మంది నావికులు మరణించిరి. కొట్టిన పడవ డెబ్బదియెనుబది టన్నులది. మునిగిన నౌక దానికి ఇరువది రెట్లకు మించినది. నౌకాయుద్ధమున బలాబలములను గూర్చిన పాతలెక్క నాటితో తప్పిపోయెను.

ఈ పాఠమును శ్రద్ధగా చదివినవారిలో భారతీయులొకరు. అట్టి క్షిపణులనే మోయు పడవలు మన నౌకాదళమునకు చేరిన కొలది కాలమునకే 1971 యుద్ధము వచ్చెను. డిసెంబరు 4వ తేదీ రాత్రి 'నిపట్', 'నిర్ఘట్', 'వీర్' అను మూడు పడవలు కరాచీ సమీపమునకు పోయి 'ఖైబర్' అను పాకిస్తానువారి యుద్ధనౌకను, మఱియొక చిన్న నౌకను ముంచెను. తమ్ము కొట్టినది ఏమో ఖైబరు నావికులకు తెలియలేదు. విమానము కొట్టినదని వారు వార్త పంపిరి. రెండు దినముల తరువాత, డిసెంబరు 6వ తేదీన, పాకిస్తాను విమానములు తమ 'జుల్ఫికర్' అను నౌకనే భారతీయుల క్షిపణిపడవ యని భ్రమించి దానిపై దాడి చేసెను. దూరమునుండి కొట్టు ఆయుధము వచ్చిన తోడనే, ఎవరు తమవారో ఎవరు పరులో తెలిసికొనుట ఎంత కష్టమైనదో ఈ దృష్టాంతమే చెప్పుచున్నది. అదే యుద్ధారంభమున, డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి, పాకిస్తానువారి 'గాజీ' అను జలాంతర్గామి విశాఖపట్టణము రేవు ముందర మునిగిపోయెను. మన నౌకయైన 'రాజపుత్' వైచిన బాంబులవలన మునిగినదని మనవారును, తాను పఱచిన మందుపాతరవలననో లోపలి ప్రమాదమువలననో మునిగినదని ఇతరులును చెప్పుదురు. అది వచ్చినది మన 'విక్రాంత్' నౌకను వెదకుకొనుచు. ఆ నౌక అప్పటికి విశాఖలో లేదు. లేనిదానిని ఉన్నదని నమ్మించుట కూడ కన్నును గూర్చిన యుద్ధమే.

క్షిపణులను ఓడలనుండి దింపి నేలమీద నిలిపినప్పుడు బలహీనులకు మఱింత ధైర్యము కలిగెను. 1982వ సంవత్సరమున ఫాక్లండు దీవుల యుద్ధములో అర్జెంటీనావారు తమ ఓడనుండి 'ఎక్సోసెట్' క్షిపణులను ఊడదీసి, ఒక లాగుడుబండిపై నమర్చి, జూన్ 12వ తేదీన తీరమునుండి ప్రయోగించి 'గ్లామర్గన్' అను బ్రిటిషు నౌకను కొట్టిరి. ఆ నౌక మునుగలేదు గాని 14 మంది మరణించిరి. 2006 జూలై 14వ తేదీన లెబనాను తీరమునుండి వచ్చిన క్షిపణి 'హానిత్' అను ఇజ్రాయేలు నౌకను తాకి నలుగురిని చంపెను. శత్రువునకు అట్టి ఆయుధ మున్నదని ఊహింపక నౌకవారు తమ రక్షణయంత్రములను ఆపియుంచిరి. అదే రాత్రి ప్రయోగింపబడిన మఱియొక క్షిపణి యుద్ధముతో సంబంధము లేని వర్తకపుటోడకు తగిలెను. 2022 ఏప్రిలు 13వ తేదీన ఉక్రెయినువారు నేలపైనుండి వదలిన 'నెప్ట్యూన్' క్షిపణులు 'మాస్క్వా' అను రష్యా మహానౌకను తాకెను. మఱునాడు అది మునిగెను. చెప్పుకొనదగిన యుద్ధనౌకలు లేని దేశము నల్లసముద్రమున రష్యావారి ముఖ్యనౌకను ముంచినదన్న, ఈ ఆయుధము తీరరక్షణమున కెంత ఉపకరించునో వేఱుగా చెప్పనేల?

ఇప్పుడు మన నగరమునకు వత్తము. రక్షణ పరిశోధనశాఖవారి క్షిపణి ప్రయోగశాల 1961లో ఢిల్లీలో పుట్టి, 1962లో హైదరాబాదునకు తరలివచ్చినది. దాని చెంతనే, కాంచనబాగునందు, క్షిపణులను తయారుచేయు భారత్ డైనమిక్స్ సంస్థ 1970లో ఏర్పడెను. 1982లో అబ్దుల్ కలాముగారు ఆ ప్రయోగశాలకు అధిపతియై వచ్చిరి. మఱుసటి సంవత్సరమున పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్ అను ఐదు క్షిపణుల కార్యక్రమము ఆరంభమయ్యెను. కొన్ని యేండ్లకు దారి చూపు పరికరములను పరిశోధించు మఱియొక ప్రయోగశాల దీనికి తోడయ్యెను. ఈ విధముగా ఒక విద్య ఒక ఊర వేరూని శాఖోపశాఖలై పెరిగినది.

తూర్పువైపున కథ వేఱు విధముగా నడచినది. ఉప్పలు మార్గమున భూభౌతిక పరిశోధనశాల 1961లో వెలసెను. ఉప్పలునందు సర్వే శాఖవారు పటములు వ్రాయు విద్యను నేర్పు శిక్షణాలయమును నెలకొల్పిరి. నాచారమునకు సమీపముననే అయ్యగారి సాంబశివరావుగారి పూనికతో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపింపబడెను; ఆయన పేర వెలసిన నగరు నేడు తెలియనివారు లేరు. చంద్రయానము వార్తలను అందుకొనుటకు బెంగుళూరు సమీపమున నిలిపిన 32 మీటర్ల వ్యాసముగల మహాగ్రాహకమును నిర్మించినది ఈ సంస్థయే. వీని చుట్టును నాచారము, ఉప్పలు, చెర్లపల్లి, కుషాయిగూడ పారిశ్రామికవాడలలో లేతుయంత్రములతో వెండ్రుకవాసి కొలతకు లోహమును చెక్కు చిన్న కర్మశాలలు పుట్టెను. నగరమునకు దక్షిణమున కొట్టు చేయి తయారగుచుండగా, తూర్పున కొలుచు విద్య, వినుపించు విద్య, పటము వ్రాయు విద్య పెరిగినవి. ఈ రెండును కలిసిననే గాని తీరరక్షణము లేదని పైచరిత్ర మనకు చెప్పినది.

తీరరక్షణమునకై మన దేశము ఎన్నుకొన్న ముఖ్యమైన క్షిపణి బ్రహ్మోసు. బ్రహ్మపుత్ర, మాస్క్వా నదుల పేళ్లు కలిపి పెట్టిన పేరది. 1998 ఫిబ్రవరి 12వ తేదీన భారత, రష్యా ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనెను. 2001 జూన్ 12వ తేదీన ఒడిశా తీరమునందలి చాందీపురమునుండి ఇది మొదటిసారి ఎగిరెను. దీని కూర్పు జరుగు స్థలములలో హైదరాబాదొకటి. శత్రునౌకను వెదకు దీని రాడారు మొదట రష్యానుండి వచ్చుచుండెను; హైదరాబాదు ప్రయోగశాలలో నిర్మించిన రాడారుతో 2018 మార్చి 22వ తేదీన పోఖరానునందు దీనిని జయప్రదముగా పరీక్షించిరి. క్షిపణి పొడవు సుమారు 8.4 మీటర్లు, బరువు సుమారు 3 టన్నులు. మొదట గట్టిమందు మండి దీనిని వేగవంతముగా పైకి తోయును. ఆ భాగము రాలిపోయిన పిమ్మట రామ్‌జెట్ అను యంత్రము పని మొదలుపెట్టును. ఈ యంత్రమున తిరుగుడుచక్రములు లేవు. క్షిపణి వేగమువలననే గాలి లోపలికి దూఱి నొక్కుకొనిపోగా, ఆ గాలిలో ద్రవపు ఇంధనము మండి వెనుకకు చిమ్మును. వేగము ధ్వనికి దాదాపు 2.8 రెట్లు. ఓడకు సమీపించునప్పుడు అలలపై పది మీటర్ల ఎత్తున పోవును గనుక నౌకవారికి దానిని కనుగొను వ్యవధి కొలది క్షణములు మాత్రమే.

300 కిలోమీటర్లకు మించి పోవు క్షిపణులను ఇతరుల కియ్యగూడదను అంతర్జాతీయ నియమమువలన దీని మొదటి హద్దు 290 కిలోమీటర్లు. 2016లో మనము ఆ నియమమున పాల్గొన్న దేశములలో చేరిన తరువాత హద్దు పెరిగినది. ఈ 290 కిలోమీటర్ల దూరమును మా పాఠశాల బాలురకు బోధించుటకు నేనొక యుపాయము చేసితిని. పటముపై నాచారమునుండి మచిలీపట్టణమునకు గీత గీయింపగా అది ఇంచుమించు 300 కిలోమీటర్లయినది. బస్సున పోవుటకు ఒక పూట పట్టు ఆ దూరమును ఈ క్షిపణి సుమారు 6 నిమిషములలో దాటును. లెక్క కట్టిన తరువాత తరగతిలో ఒక బాలుడు, "అంత దూరమున నున్న ఓడ ఎవరిదో ఎట్లు తెలియును?" అని యడిగెను. పెద్దలు సయితము తఱచుగా అడుగ మఱచు ప్రశ్న అది. ఈ ఆయుధము మంచిచెడ్డలన్నియు ఆ ప్రశ్నపైనే ఆధారపడియున్నవి.

భూమి గుండ్రన గనుక, నీటిపై పది మీటర్ల యెత్తున నిలిచినవానికి సముద్రము పదునొకండు కిలోమీటర్ల మేర మాత్రమే కనబడును. నూఱు మీటర్ల కొండ యెక్కినను ముప్పదియాఱు కిలోమీటర్లకు మించదు. కాగా 290 కిలోమీటర్లు పోవు క్షిపణిని ఒడ్డున నిలిపి, కన్నును కూడ ఒడ్డుననే నిలిపినచో, గ్రుడ్డివాని చేతికి ధనుస్సిచ్చినట్లే. అరక్కోణము విమానస్థావరమునుండి సముద్రముపై తిరుగు గస్తీ విమానములు, తూర్పు నౌకాదళమునకు కేంద్రమైన విశాఖపట్టణమునుండి సంచరించు నౌకలు, ఆకాశమునందలి ఉపగ్రహములు, తీరమున వరుసగా నున్న రాడారులు - ఇన్ని కన్నులు చూచినది ఒక్కచోటికి చేరి, సరిచూడబడి, బండిపై నున్న క్షిపణివానికి వేళకు అందవలయును. వేళ మించినచో ఓడ కదలిపోవును. తొందరపడినచో పరుల ఓడకో, మనవారి ఓడకో తగులును. 2008 నవంబరులో బొంబాయిపై దాడిచేసిన హంతకులు ఒక చేపలపడవను అపహరించి దానిలో వచ్చిరి. వేలకొలది పడవలలో ఆ యొక్క పడవను గుర్తింప ఏ క్షిపణియు ఉపయోగింపదు. దినదినము సముద్రముపై నుండు బెస్తవాని ఎఱుకయే అట్టి యెడ పనికివచ్చును. అతడు చెప్పిన మాటను విని గౌరవించు అధికారి ఒడ్డున ఉండవలయును.

మఱియొక్క సంగతి కూడ దాచక చెప్పవలసియున్నది. విడువబడిన క్షిపణి తిరిగి రాదు. 1982 సెప్టెంబరు 6వ తేదీన డెన్మార్కు నౌకయొకటి పొరపాటున విడిచిన నౌకావిధ్వంసక క్షిపణి ఒడ్డున పడి కొన్ని వేసవి గృహములను నేలమట్టము చేసెను. అప్పుడు వానిలో ఎవరును లేకుండుట అదృష్టము. మన దేశమునందే 2022 మార్చి 9వ తేదీన వాయుసేనవారి బ్రహ్మోసు క్షిపణి యొకటి ప్రమాదవశమున వెలువడి పాకిస్తానులోని మియాచన్ను సమీపమున పడెను. ప్రాణనష్టము కలుగలేదు. రెండు దినములకు మన ప్రభుత్వము విచారము వెల్లడించి విచారణ జరిపించెను. నియమములను తప్పినందులకు ముగ్గురు అధికారులు ఆగస్టు 23వ తేదీన ఉద్యోగమునుండి తొలగింపబడిరి. రెండు అణ్వాయుధ దేశముల నడుమ ఇట్టి పొరపాటు ఎంతటి అనర్థమునకు దారితీయగలదో చెప్పనక్కఱ లేదు. తప్పును ఒప్పుకొని విచారించి శిక్షించుట మేలైన పని. అయినను తప్పు జరిగినదన్న మాట మఱువరానిది.

మన పూర్వులు ఈ ధర్మమును ఎఱుగనివారు కారు. భారతమున సౌప్తికపర్వపు కథ చదువరులకు విదితమే. అర్జునుడును అశ్వత్థామయు ఒకరిపై నొకరు మహాస్త్రములను ప్రయోగించినప్పుడు మునులు నడుమ నిలిచి ఉపసంహరింపుడని కోరిరి. అర్జునుడు తన యస్త్రమును మరలించెను. అశ్వత్థామకు విడుచుటయే తెలియును గాని మరలించుట తెలియదు. కావున అతని యస్త్రము గర్భస్థశిశువుపైకి పోయెను. ఇద్దఱి గురువు ఒక్కడే, విద్య ఒక్కటే. భేదము ఇంద్రియనిగ్రహమునందున్నది. ఈ కథను చూపి మనకు వెనుకటి కాలముననే క్షిపణులుండెనని కొందఱు గర్వించుచుందురు. ఆ గర్వము వ్యర్థము. ఆ కథ చెప్పునది అస్త్రమును గూర్చి కాదు. అస్త్రము చేతనున్నవాని అర్హతను గూర్చి.

ఇట్టి ఆయుధముల తయారీ మన సంస్కారమునకు తగునా యని శాంతికాముకులు కొందఱు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. దానికి నా సమాధాన మిది. పరులతీరముపైకి పోవు నౌక వేఱు. తనతీరమున నిలిచి, పైకి వచ్చువానిని నిలువరించు బండి వేఱు. ఆ బండి సముద్రము దాటిపోలేదు. తనకంటె బలవంతమైన పొరుగువానివలన తన సముద్రజలములందే కష్టపడుచున్న ఫిలిప్పీను దేశము 2022 జనవరి 28వ తేదీన దాదాపు 37 కోట్ల 50 లక్షల డాలర్లకు తీరరక్షణార్థము బ్రహ్మోసు బండ్లను మనయొద్ద కొనుటకు ఒప్పుకొనెను. మొదటి విడత 2024 ఏప్రిలులో చేరెను. మన నౌకాదళమునకును 2023 మార్చి 30వ తేదీన 1,700 కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందము జరిగినది. ఆ తీరక్షిపణిదళములు 2027 మొదలు చేరవలసియున్నవి. వీనికంటె వేగమైనది, 1,500 కిలోమీటర్లకు మించి పోగలది, హైదరాబాదు ప్రయోగశాలలలోనే రూపొంది 2024 నవంబరు 16వ తేదీన పరీక్షింపబడినది. కాని హద్దు పెరిగినకొలది ఆ బండి రక్షణమునకే పరిమితమను నా వాదము కొంత కొంత బలహీనపడుచుండుననియు ఒప్పుకొనవలయును. దూరము పెరిగినకొలది చూడవలసినదియు, ఓర్చుకొనవలసినదియు పెరుగును.

కావున విద్యావంతులైన గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, ఈ విషయమును తెలిసికొనుట. నాచారము కర్మశాలలో దినమెల్ల లోహము చెక్కు కార్మికుడు తాను చెక్కిన ముక్క ఎందుకు పనికివచ్చునో తెలియకుండుట సహజము. అతని యింటి పిల్లలు చదువుకొన్నవారై యుండియు తెలియకుండుట తగదు. రెండవది, గణితమును, భూగోళమును కంఠస్థము చేయించుట మాని కొలిపించి, గీయించి నేర్పుట. ఈ విద్యలో ఆడపిల్లలను వెనుకకు నెట్టు గృహములు ఇప్పటికిని కలవు. ఈ నగరముననే అగ్ని క్షిపణుల నిర్మాణమున ప్రధానాధికారిణిగా పనిచేసిన టెస్సీ థామసుగారి పేరు వారికి గుర్తుచేయవలయును. మూడవది, అడుగుట. క్షిపణి రహస్యములు మనకు అక్కఱలేదు. దానిని విడుచుటకు నియమములు సక్రమముగ నున్నవా, వానిని తప్పినవారిపై విచారణ జరుగునా, కొట్టు చేతికి వ్యయమగు ధనముతోపాటు చూచు కంటికిని తగినంత వ్యయమగుచున్నదా - ఇవి రహస్యములు కావు. పన్నులిచ్చు ప్రజ అడుగదగిన ప్రశ్నలు. నాలుగవది, క్షిపణి పరీక్ష జరిగిన దినమున వీథులలో పొంగిపోవుటయు, ప్రమాదము జరిగిన దినమున మాటాడకుండుటయు మానుట.

1942లో విశాఖపట్టణమునుండి మూటలతో పరుగెత్తిన తల్లులకు తమపైకి వచ్చుచున్నది ఏమో తెలియలేదు. తమ్ము కాచువాడు ఎవడో తెలియలేదు. వారి మనుమలు, మునిమనుమలు కొందఱు నేడు ఉప్పలున, నాచారమున కాపురముండి ఉద్యోగములు చేయుచున్నారు. సుమారు వేయి కిలోమీటర్ల ఆంధ్రతీరమును కాచు బాధ్యతలో ఒక భాగము, తెలిసియో తెలియకయో, ఈ మెట్టనేలపైని వారి చేతులకు వచ్చినది. తెలిసి చేసిననే అది రక్షణ మగును. మచిలీపట్టణమునకు ఎంత దూరమో లెక్కకట్టి, అక్కడి ఓడ ఎవరిదని అడిగిన బాలుని వంటివారు ప్రయోగశాలలలోను, శాసనసభలలోను, ఇండ్లలోను పెరుగుట మన తీరమునకు క్షిపణికంటె ముందుగా కావలసినది.